టీచరమ్మ గేటు దగ్గరి మజ్జిగ బకెట్టు

ఆ పొద్దున నేను కోల్డ్ స్టోరేజీ ముందు ట్రాలీ ఆటోల వరసలో ఉన్నాను. వెనక టిక్కీలనే మిర్చి బస్తాలు, ముందు కదలని లారీ, నెత్తిన అప్పుడే చురుక్కుమంటున్న ఎండ. అమ్మ ఫోన్ చేసింది. పనిలో ఉన్నప్పుడు అమ్మ ఎప్పుడూ చేయదు.

"ఒరేయ్, టీచరమ్మ పోయిందిరా" అంది. వెంటనే, "కుక్క అరవట్లా" అంది.

మా వీధిలో ఎవరికైనా ఆ రెండో మాట చాలు. గ్యాస్ బండి వచ్చినా, కాకి వాలినా, పక్కింట్లో కుక్కర్ కూత వేసినా వీధి చివరిదాకా వినపడేలా అరిచే కుక్క అది. అది నోరు మూసుకుందంటే ఆ ఇంట్లో మనిషి లేనట్టే. నిద్రలోనే పోయిందట. పాలు పోయడానికి వెళ్ళినామె తలుపు తోసి చూస్తే, కుక్క మంచం కింద పడుకుని గోడ వైపు చూస్తోందట.

పోయినవాళ్ళ గురించి మనవాళ్ళు రాసేవన్నీ ఒకే అచ్చులో ఉంటాయి. అజాతశత్రువు, మృదుభాషి, తీరని లోటు. టీచరమ్మకి శత్రువులు బోలెడు మంది. ఆవిడ నోటికి మృదుత్వం తెలియదు. నాతో అయితే కనపడ్డప్పుడల్లా గొడవే. అందుకే ఆ అచ్చు పక్కన పెట్టి, ఆవిడ ఎలా ఉండేదో అలాగే చెబుతాను.

నల్లపాడు దగ్గర మా కాలనీలో ఆవిడ డ్రిల్లు టీచరమ్మ. ఉద్యోగమంతా పల్లెటూరి హైస్కూళ్ళ ఎండ గ్రౌండుల్లో చేసింది. రిటైరయ్యాక కూడా మెడలో ఈల తీయలేదు. భర్త పోయిన కొత్తలో చర్చి దగ్గర ఎవరో "మెడ బోసిపోయింది కదమ్మా" అంటే, "బోసేంటి, ఈల ఉందిగా" అందట. ఆ ఈలకి మా వీధిలో కూరగాయల బండి ఆగేది. గోడ మీద పిల్లలు దిగేవాళ్ళు. తాగి తూలుతున్న మగాళ్ళు కూడా ఒక్క క్షణం నిటారుగా నిలబడేవాళ్ళు.

కుక్క ఆవిడ కోరి తెచ్చుకున్నది కాదు. హైదరాబాదులో ఉన్న మేనకోడలు ముచ్చటపడి కొనుక్కుంది. జాక్ రస్సెల్ టెర్రియర్ అట. తెల్లటి గరుకు బొచ్చు, ఒక కంటి చుట్టూ గోధుమ రంగు మచ్చ, మూరెడు కూడా లేని ఎత్తు. చిన్న కుక్క కదా, ఒళ్ళో కూర్చుంటుందనుకుంది ఆ పిల్ల. కూర్చోలేదు. సోఫా చీల్చింది, చెప్పులు నమిలింది, తలుపు గీకింది. టెర్రియర్ ఒళ్ళో కూర్చునే జాతి కాదని అమ్మినవాడు చెప్పలేదు. వాడెందుకు చెబుతాడు? ఎలకల బొరియల్లో దూరడానికీ నేల తవ్వడానికీ తరతరాలుగా పెంచిన ప్రాణిని తెచ్చి అపార్టుమెంటు టైల్సు మీద వదిలి, అది ఎందుకు తవ్వుతోందని తిట్టే మనుషుల మీదా, వాళ్ళకి దాన్ని అంటగట్టే వ్యాపారం మీదా నాకు ఇప్పటికీ కోపమే. ఆ కోపం తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు.

అలా అది బుట్టలో, షాంపూ సీసాతో సహా మా వీధికొచ్చింది. వచ్చిన వారంలోనే అది టీచరమ్మ పెంచుకున్న మల్లెపొదని వేళ్ళతో సహా పీకింది. చుట్టుపక్కల వాళ్ళు గేటు దగ్గర పోగయ్యారు.

"ఇల్లు పీకి పందిరేసేట్టుంది, ఎవరికన్నా ఇచ్చెయ్యండి టీచరమ్మా" అన్నారు.

"దాని తప్పేముంది? టీచరు రాని క్లాసు గోల చెయ్యదా?" అంది ఆవిడ. "దీనికి పీరియడ్లు వెయ్యాలి."

వేసింది కూడా. తెల్లారగానే రైలు పట్టాల పక్క దారిలో పరుగు. పెరట్లో ఒక మూల ఇసక పోసి, అందులో పాత టెన్నిస్ బంతి పాతిపెట్టి, "ఇక్కడ తవ్వుకో తల్లీ, మిగతా చోట తవ్వావా కాళ్ళిరగ్గొడతా" అనేది. ఒక ఈల వేస్తే రావాలి, రెండు వేస్తే ఆగాలి. రావడం తొందరగానే నేర్చుకుంది. ఆగడం చివరిదాకా రాలేదు. "అది నీ పోలికేరా" అనేది తర్వాతి రోజుల్లో నన్ను చూసి. పొట్టిగా ఉందని బుడంకాయ అని పేరు పెట్టింది.

బుడంకాయకి మా వీధిలో గౌరవం తెచ్చింది ఒక పందికొక్కు. ఆవిడ పక్కింట్లో పత్తి రైతు బాబాయి ఉండేవాడు. ఆ ఏడు ధర పడిపోయిందని పత్తి అమ్మకుండా ముందు గదిలోనే కుప్ప పోసుకున్నాడు. ఇంటిల్లిపాదీ వంటింట్లో పడుకునేవాళ్ళు. కుప్పలో పందికొక్కు చేరింది. బోను పెట్టినా, కర్రలు పట్టుకుని కాపలా కాసినా దొరకలేదు.

"తలుపు తియ్యి బాబూ, దీన్ని వదులుతా" అంది టీచరమ్మ.

"ఈ చంటిదాన్నా? అది దీన్ని మింగిద్ది టీచరమ్మా!"

"ఎవరు ఎవర్ని మింగుతారో చూద్దాం, తియ్యి."

తలుపు తీయగానే బుడంకాయ పత్తిలోకి ఈతకి దిగినట్టు దూకింది. కుప్ప అక్కడ కదులుతుంది, ఇక్కడ ఉబ్బుతుంది, ఏది కుక్కో ఏది పత్తో తెలియదు. చివరికి గది మధ్యలో ఒక తల పైకొచ్చింది. చెవుల మీద పత్తి, మీసాల మీద పత్తి, నోట్లో తనంత పందికొక్కు. బాబాయి చేతులెత్తి దండం పెట్టాడు. టీచరమ్మ మాత్రం దాన్ని అక్కడే కూర్చోబెట్టి, ముందు పళ్ళూ చిగుళ్ళూ చూసింది, తర్వాత చెవుల్లోంచి పత్తి పోగులు ఒక్కొక్కటే తీసింది. మెచ్చుకోలు ఆ తర్వాత. "గెలిచినోడికి కూడా ఫస్ట్ ఎయిడ్ కావాలి" అనేది.

ఇవన్నీ వీధివాళ్ళు చెప్పగా విన్నవే, అప్పుడు నేను ఊళ్ళో లేను. ఒంగోలులో డిగ్రీ చదువుతూ, హాస్టల్లో ముక్కిన బియ్యం గురించి గొడవపడి, చదువు మధ్యలో వదిలేసి వచ్చాను. సంచిలో బట్టల కన్నా బస్టాండు ఎదురుగా బండి మీద కొన్న పలచటి పుస్తకాలూ కరపత్రాలూ ఎక్కువ. శ్రమ అంటే ఏంటో, ఎవరి కష్టం ఎవరు తింటున్నారో చదివి చదివి, కనపడ్డ ప్రతివాడికీ చెప్పాలని ఉన్న రోజులు. ట్రాలీ ఆటో తోలడం అప్పుడే మొదలుపెట్టాను.

అమ్మ అప్పటికే ఏళ్ళ తరబడి మిర్చి తొడిమలు తీసే పనికి పోతోంది. కోల్డ్ స్టోరేజీ పక్కన రేకుల షెడ్డు. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఎండు మిరపకాయ పట్టుకోవడం, తొడిమ విరవడం, పడేయడం. ఆ చేతుల మంట చూసినవాళ్ళకే తెలుసు. నీళ్ళతో కడిగితే తగ్గదు, ఇంకా రేగుతుంది. అన్నం కలుపుకుంటే మంట, ముఖం తుడుచుకుంటే మంట. మా ఇంట్లో అమ్మ నన్ను చేత్తో దగ్గరకి తీసుకున్న జ్ఞాపకాలన్నీ వానాకాలానివే. మిర్చి రోజుల్లో మోచేత్తో నిమిరేది.

ఒక సాయంత్రం టిక్కీలు దింపి వస్తుంటే టీచరమ్మ గేటు దగ్గర షెడ్డు ఆడవాళ్ళు వరసలో కనపడ్డారు. ఒక గిన్నెలో నూనె, ఒక పళ్ళెంలో శెనగపిండి, ఒక బకెట్టులో పలచటి మజ్జిగ. ఒక్కొక్కరే చేతులకి నూనె రుద్దుకుని, పిండితో తోముకుని, మజ్జిగలో ముంచి, సబ్బుతో కడుక్కుంటున్నారు. తర్వాత చూపుడువేలు పెదవి మీద పెట్టుకుని కాసేపు కదలకుండా నిలబడుతున్నారు. టీచరమ్మ తలూపాకే గేటు తెరుచుకుంటోంది. లోపల కుక్క ఎగిరెగిరి పడుతోంది. ఎందుకని అడిగితే, "కుక్కని ముట్టుకోవాలంటే ఇంతేగా" అంది ఒకామె.

నాకు ఒళ్ళు మండిపోయింది. బండి రోడ్డు మధ్యలోనే ఆపి, గేటు మీద గట్టిగా కొట్టాను.

"ఏంది టీచరమ్మా ఇది? మా ఆడోళ్ళ చేతులు మీ కుక్కకి పనికిరావా? మనలోంచే పోయి ఉద్యోగం చేసి డాబా కట్టుకున్నారే, మన చేతులే మీకు మురికైనయ్యా?"

ఆవిడ ఈల నోట్లోంచి తీసింది. "ముందు ఊపిరి పీల్చుకో. కోపం మంచిదేరా. వార్మప్ లేకుండా పరిగెత్తిస్తే మాత్రం తొడ పట్టేసిద్ది."

"సమాధానం చెప్పండి."

"చెప్తా. నీ వేలు నీ పెదవి మీద పెట్టుకో."

"పెట్టను."

"భయమా?"

ఆ మాటకి ఎవడైనా ఆగుతాడా? పొద్దుటి నుంచీ టిక్కీలు మోసిన వేలు పెదవికి ఆనించి, ఇంకా పంతం కోసం అటూ ఇటూ రుద్దాను కూడా. మొదట ఏమీ లేదు. చూశారా అన్నట్టు ఆవిడ వంక చూశాను. అప్పుడు మొదలైంది. పెదవి, ముక్కు కింద, నాలుక, అన్నీ ఒకేసారి అంటుకున్నాయి. నేను ఉఫ్ ఉఫ్ అంటూ గెంతుతుంటే ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. "పట్టుకోండే, విప్లవానికి మజ్జిగ పొయ్యండి!" అంది ఒకామె.

మూతి వాచినా నేను ఆగలేదు. "కుక్క కోసం ఇన్ని చేస్తున్నారే, ఈ చేతులు ఇన్నేళ్ళుగా మండుతుంటే ఎవరన్నా..." అంటుండగా వెనకనుంచి అమ్మ గొంతు వినిపించింది. వరసలో కాదు, వీధికి అవతల పక్క నిలబడి ఉంది.

"ఆపరా. ఆ కుక్క కన్ను పోగొట్టింది నేనురా."

అమ్మే చెప్పింది. నేను ఒంగోలులో ఉన్నప్పుడు, ఒక సాయంత్రం షెడ్డు నుంచి వస్తుంటే బుడంకాయ పరిగెత్తుకొచ్చి కాళ్ళ మీదకి ఎగిరిందట. దాని కంట్లో పుసి కనపడింది. చంటిపిల్లకి తీసినట్టు, ఆలోచించకుండా చూపుడువేలితో తీసింది. ఆ తర్వాత అది పెట్టిన కేక ఇప్పటికీ చెవుల్లో ఉందంది. కాళ్ళతో కళ్ళు గీరుకుంటూ మట్టిలో పొర్లిందట. టీచరమ్మ దాన్ని గుడ్డలో చుట్టుకుని పశువుల ఆసుపత్రికి పరిగెత్తింది. మంటకి గోళ్ళతో గీరుకోవడంతో ఎడమ కంట్లో పుండు పడి, దాని మీద పొర మిగిలిపోయింది. ఆ రోజు నుంచి అమ్మ దాన్ని ముట్టుకోలేదు. అందరూ కడుక్కుని లోపలికి వెళ్ళినా తను రోడ్డు అవతలే నిలబడి, "ఏమే బుడంకాయా" అని పలకరించి ఇంటికొచ్చేసేది.

టీచరమ్మ ఆ రోజు ఇదంతా నాకు చెప్పి నా నోరు సులభంగా మూయించి ఉండొచ్చు. చెప్పలేదు. అమ్మ పేరు బయటికి రాకూడదని నా చేత తిట్లు తిన్నది. అమ్మ చెప్పడం అయ్యాక ఒక్కటే అంది. "చెయ్యి మంచిదే. పనే మండేది."

నేనూ ఒక మాట మాత్రం వదల్లేదు. "అయితే షెడ్డు వాళ్ళే ఎందుకు? కారులో వచ్చేవాళ్ళు కూడా పెట్టుకోవాలి వేలు." ఆవిడ "అది న్యాయం" అని ఈల వేసింది. మర్నాటి నుంచి ఎవరొచ్చినా అదే పద్ధతి. పాస్టరు గారు కూడా బైబిలు చంకలో పెట్టుకుని పెదవి మీద వేలు పెట్టుకునేవారు. చీరాల నుంచి ఆవిడ తమ్ముడు గారు వస్తే, "అక్కా, నేను మిరపకాయ ముట్టి ఎన్నేళ్ళయింది!" అన్నారు. "పొద్దున ఆవకాయ తిన్నావుగా. పెట్టు" అంది.

అసలు సంగతి ఏంటంటే, ఆ బకెట్టు నెమ్మదిగా కుక్కది కాకుండా పోయింది. బుడంకాయ నిద్రపోతున్నా షెడ్డు వాళ్ళు ఆగి చేతులు ముంచుకునేవాళ్ళు. ఆ పూట అన్నం మంట లేకుండా తినేవాళ్ళు. పెరుగు ఎవరింట్లో మిగిలితే వాళ్ళు తెచ్చి కలిపేవాళ్ళు. నేను షెడ్డు యజమానిని నూనే సబ్బూ చేతి తొడుగులూ అడుగుతూ కరపత్రం రాశాను. టీచరమ్మకి చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని, "ప్రతి వాక్యానికీ ఈల వేస్తే ఎవడు ఆగుతాడురా?" అని ఆశ్చర్యార్థకాలన్నీ కొట్టేసింది. ఒక్కటి మాత్రం ఉంచింది, తొడుగుల దగ్గర. యజమాని కుళాయి ఒకటి పెట్టించాడు. తొడుగులు ఇంకా రాలేదు. అడగడం మేమూ ఆపలేదు.

ఆ తర్వాత నేను గొడవ నెపంతో రోజూ ఆ గేటు దగ్గరకి వెళ్ళేవాణ్ణి. ఆ గరుకు బొచ్చు దువ్వెనతో దువ్వితే సరిపోదని, రాలడానికి సిద్ధంగా ఉన్న వెంట్రుకని రెండు వేళ్ళతో వడిసి లాగాలని ఆవిడే నేర్పింది. లాగుతుంటే అది సుఖంగా కళ్ళు మూసుకునేది. మంచి కన్ను ముందు మూసేది, పొర ఉన్న కన్ను తర్వాత. ఎండాకాలం తడి గోనె పరిచి, సిమెంటు రోడ్డు మీద తన అరచెయ్యి ఆనించి చూసి, కాలకపోతేనే దాన్ని బయటికి తీసుకెళ్ళేది. మిర్చి కల్లాల వైపు నుంచి గాలి తిరిగిన రోజున వీధి వీధంతా తుమ్ముతుంటే, ముందు బుడంకాయ ముక్కు తుడిచి, తర్వాత తను తుమ్మేది. "దీనికి కన్ను తక్కువైంది, నాకు మోకాళ్ళు తక్కువైనయ్. ఇద్దరం కలిస్తే ఒక ఫుల్ టీమ్" అనేది.

పోయిన క్రిస్మస్ నుంచి ఆవిడకి ఆయాసం ఎక్కువైంది. పరుగు నడకైంది, నడక గుమ్మం దాకా వచ్చి ఆగింది. బుడంకాయని పట్టాల దాకా నేనే తిప్పేవాణ్ణి. నాకిస్తుందనే అనుకున్నాను దాన్ని. కానీ పోయిన నెలలో ఒక ఆదివారం చర్చి అయ్యాక అమ్మని పిలిపించింది. నేనూ ఉన్నాను.

"నా తర్వాత బుడంకాయ నీ దగ్గరుండాలి" అంది.

అమ్మ రెండు చేతులూ పైట కింద దాచేసుకుంది. "నా దగ్గరా? ఈ చేతులతోనా? మా వాడికివ్వండి టీచరమ్మా."

"వీడు అరుస్తాడు, అదీ అరుస్తది. ఇంట్లో ఒకరన్నా నెమ్మదైనోళ్ళు ఉండాలి. నీకే ఇస్తున్నా."

"ఉన్న ఒక్క కన్నూ పోతే?"

టీచరమ్మ బలవంతం పెట్టలేదు. "ఆలోచించుకుని చెప్పు" అంది. అమ్మ ఆలోచిస్తూనే ఉంది. రోజూ షెడ్డు నుంచి వస్తూ ఆ గేటు వంక చూసేది, ఇంటికొచ్చి చేతుల వంక చూసుకునేది. ఈలోపే ఆ ఫోను.

భూస్థాపన మధ్యాహ్నం జరిగింది. మిర్చి పని మంచి ఊపులో ఉన్నా షెడ్డు ఆడవాళ్ళు పూట పని వదులుకుని నేరుగా వచ్చారు. ఎక్కడెక్కడి పూర్వ విద్యార్థులో, నడివయసు వాళ్ళు, పెట్టె మోసేటప్పుడు తమకి తెలియకుండానే అడుగు కలిపి నడిచారు. సమాధుల తోట నుంచి తిరిగొచ్చి కాళ్ళూ చేతులూ కడుక్కుంటుంటే చూశాను, ఎవరో అప్పటికే బకెట్టులో మజ్జిగ కలిపి గేటు దగ్గర పెట్టారు.

బుడంకాయ ఇంకా మంచం కిందే ఉంది. పొద్దుటి నుంచీ పాలు ముట్టలేదు. టీచరమ్మ తమ్ముడు గారు చెడ్డ మనిషి కాదు, కుక్కని ఏం చెయ్యాలోనన్న కంగారు ఆయనది. "మాకు తెలిసిన వ్యాపారి ఒకాయన అడుగుతున్నాడు బాబూ. మిర్చి గోడౌన్లో ఎలకలు ఎక్కువట. దీనికీ పని దొరికిద్ది" అన్నారు.

మిర్చి గోడౌను! ఆ దుమ్ములోకి, ఒంటి కన్ను కుక్కని! నా నోట్లోకి వచ్చిన మాటలు ఆ రోజు ఆ ఇంట్లో అనాల్సినవి కావు. మేకుకి వేలాడుతున్న ఈల కనపడింది. ఊపిరి పీల్చుకున్నాను. నేను పీల్చుకుంటున్నంతలోనే అమ్మ ముందుకొచ్చింది.

"దాన్ని ఎక్కడికీ పంపొద్దండి. టీచరమ్మ నన్నడిగింది. నేనే ఇంకా జవాబు చెప్పలా."

గేటు దగ్గరకి వెళ్ళింది. నూనె తీసుకుని వేళ్ళ సందులన్నీ రుద్దింది, గోళ్ళ కింద కూడా. పిండి పట్టించింది. మజ్జిగలో చేతులు ముంచి చాలాసేపు ఉంచింది. సబ్బుతో కడిగింది. వేలు పెదవి మీద పెట్టుకుంది. మేమందరం చూస్తున్నాం. తల అడ్డంగా ఊపి మళ్ళీ మొదటి నుంచీ చేసింది. నూనె, పిండి, మజ్జిగ, సబ్బు. మళ్ళీ వేలు. ఈసారి ఎంతసేపు నిలబడిందో, పక్కన షెడ్డు వాళ్ళు కూడా తమ వేళ్ళు తమ పెదవుల మీద పెట్టుకుని ఆమెతో పాటే నిలబడిపోయారు.

"మండట్లా" అంది, ఎవరితోనో కాదు, తనతోనే.

లోపలికి వెళ్ళి మంచం ముందు నేల మీద కూర్చుంది. అరచెయ్యి పైకి తెరిచి నేలకి ఆనించింది. పిలవలేదు. కాసేపటికి మంచం కింద గోళ్ళ చప్పుడైంది. బుడంకాయ పొట్ట నేలకి రాసుకుంటూ వచ్చి, ఆ చెయ్యంతా వాసన చూసి, ఒక్కసారి గట్టిగా తుమ్మింది. అమ్మ ఉలిక్కిపడి చెయ్యి లాక్కోబోయింది. లాక్కునేలోపే అది తన ముఖాన్ని, పొర ఉన్న కంటి వైపు, ఆ అరచేతిలో పెట్టేసింది.

ఇప్పుడు ఆ బకెట్టు మా గుమ్మం పక్కన ఉంది. షెడ్డు వాళ్ళు ఇక్కడే ఆగుతున్నారు. బుడంకాయ మళ్ళీ అరుస్తోంది, కాకుల మీదా, గ్యాస్ బండి మీదా, నా మీదా. సాయంత్రం అమ్మ అడుగుల చప్పుడు వినపడితే మాత్రం అరుపు ఆపేస్తుంది. గుమ్మం అవతల అమ్మ కడుక్కున్న వేలు పెదవి మీద పెట్టుకుని నిలబడుతుంది. గుమ్మం ఇవతల, ఎన్ని ఈలలు వేసినా ఆగడం రాని ఆ పొట్టి కుక్క, తోక ఒక్కటే ఊపుకుంటూ, ఆ వేలు దిగేదాకా ఆగుతుంది.